శిస్తు కట్టని ఆకాశం: స్పెక్ట్రం నియంత్రణ భాషలో ఔత్సాహిక రేడియో

వ్యాససంగ్రహం:
రేడియో తరంగాల వినియోగాన్ని నియంత్రించే చట్టాలు ప్రపంచమంతటా మారుతున్నాయి. మొబైల్, ఉపగ్రహ సేవల అవసరాలు పెరిగేకొద్దీ ఔత్సాహిక రేడియోకు దక్కిన పౌనఃపున్యాలపై ఒత్తిడి పెరుగుతోంది. ఈ మార్పును సాంకేతిక సమస్యగా కాక, భాషకూ విలువకూ సంబంధించిన సమస్యగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. నియంత్రణ పత్రాలు ‘విలువ’, ‘వాడకం’, ‘కేటాయింపు’ అనే మాటలకు ఇస్తున్న అర్థంలో ఔత్సాహికుడి పని ఇమడదని, ఔత్సాహికులు తమ సమర్థన కోసం ఎంచుకున్న ‘విపత్తు సేవ’ అనే వాదం కూడా ఆ లోటును పూడ్చలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఔత్సాహిక రేడియో, హామ్, స్పెక్ట్రం, ఉమ్మడి వనరు, పోరంబోకు, టెలికమ్యూనికేషన్ల చట్టం 2023.

1. ఉపోద్ఘాతం:
తెలుగు దినపత్రికల్లో ‘స్పెక్ట్రం’ అనే మాట కనిపించిన చోట దాని పక్కన ‘వేలం’ అనే మాట కూడా తరచుగా కనిపిస్తుంది. అదే మాటను భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ‘వర్ణపటం’ అని అనువదించుకున్నాయి. ఒకటి బజారు మాట, మరొకటి బడి మాట. సమాచార ప్రసారానికి పనికివచ్చే తరంగాల గురించి మాట్లాడేటప్పుడు మొదటిదే స్థిరపడింది. ఒక వనరు పేరు దాని అమ్మకంతో ముడిపడి వాడుకలోకి వచ్చినప్పుడు, అమ్మకానికి సంబంధం లేని దాని వినియోగాల గురించి మాట్లాడడం కష్టమవుతుంది. అటువంటి వినియోగాల్లో ముఖ్యమైనది ఔత్సాహిక రేడియో.

వాడుకలో ‘హామ్ రేడియో’గా పిలిచే ఈ వ్యాసంగంలో, పరీక్ష రాసి లైసెన్సు పొందిన వ్యక్తులు సొంత ట్రాన్స్‌మీటరు, రిసీవరు, యాంటెనాల సాయంతో, తమకు అనుమతించిన పౌనఃపున్యాల్లో పరస్పరం సంభాషిస్తారు, ప్రయోగాలు చేస్తారు. ప్రతి ఒక్కరికీ ఒక సంకేతనామం ఉంటుంది. భారతీయుల సంకేతనామాలు సాధారణంగా ‘వీయూ’ అనే అక్షరాలతో మొదలవుతాయి. ఈ రంగంలో శిక్షణకూ ప్రచారానికీ 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తోంది. కాబట్టి ఈ చర్చ తెలుగు నేలకు పరాయిది కాదు.

2. నిర్వచనంలోని ఇబ్బంది:
అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య రేడియో నిబంధనలు ఔత్సాహిక సేవకు మూడు ప్రయోజనాలను చెబుతాయి: స్వయంశిక్షణ, పరస్పర సంభాషణ, సాంకేతిక పరిశోధన. ఈ మూడింటినీ తగిన అనుమతి పొందిన వ్యక్తులు, రేడియో విద్యపై ఆసక్తితో, కేవలం వ్యక్తిగత లక్ష్యంతో, ధనాపేక్ష లేకుండా చేయాలని షరతు. ప్రయోజనాలు భావరూపంలో ఉన్నా, ఔత్సాహికుణ్ణి ఇతరుల నుంచి వేరుచేసే గీత మాత్రం అభావరూపంలో ఉంది. అతడు డబ్బు తీసుకోనివాడు. ఈ గీత దుర్వినియోగాన్ని అరికట్టడానికి అవసరమే. అయితే సమస్త వినియోగాలనూ డబ్బుతో తూచే కాలం వచ్చినప్పుడు, ఒకప్పుడు అర్హతగా పెట్టిన షరతే లోపంగా కనిపించడం మొదలవుతుంది.

‘అమెచ్యూర్’ అనే మాట లాటిన్‌లో ప్రేమించేవాడు అనే అర్థమున్న పదం నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. తెలుగులో దానికి సమానంగా నిలిచిన ‘ఔత్సాహిక’ శబ్దానికి మూలం ఉత్సాహం. అలంకారశాస్త్రంలో ఉత్సాహం వీరరసానికి స్థాయీభావం. అంటే శాస్త్ర పరిభాషలో ఉత్సాహం చపలమైన సరదా కాదు, స్థిరంగా నిలిచే చిత్తవృత్తి. నాటకరంగ చరిత్రలోనూ ఈ మాటకు గౌరవప్రదమైన స్థానముంది. సురభి వంటి వృత్తి సమాజాలతోపాటు, న్యాయవాద వృత్తిలో ఉంటూ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో నడిపిన సరసవినోదినీ సభ వంటి ఔత్సాహిక సమాజాలు కూడా తెలుగు నాటకాన్ని తీర్చిదిద్దాయి. టిక్కెట్టు రాబడి చూసి వాటి కృషిని అంచనా వేసే నాటక విమర్శకుడు ఉండడు. రేడియో విషయంలో మాత్రం సరిగ్గా అటువంటి అంచనాయే నియంత్రణ భాషలో చోటుచేసుకుంటోంది.

3. బంజరు సాగు చేసినవారు:
తెలుగు గ్రామీణ జీవితంలో శిస్తు లెక్కకు అందని భూమికి వేరే పేర్లున్నాయి. పోరంబోకు, బంచరాయి, బంజరు అటువంటివి. పశువుల మేతకు, కళ్లాలకు, దారులకు ఊరంతా వాడుకునే నేల కూడా ఆదాయం తేనందువల్ల ప్రభుత్వ దస్త్రాల్లో ‘ఎవరికీ చెందనిది’గా నమోదయింది. వాడకం లేక అది బంజరు కాలేదు. ఆ వాడకం దస్త్రానికి కనిపించే రకం కాదు.

ఔత్సాహిక రేడియో చరిత్ర ఇటువంటి నేలమీదే మొదలైంది. టైటానిక్ ప్రమాదం తర్వాత అమెరికా 1912లో చేసిన రేడియో చట్టం ఔత్సాహికులను 200 మీటర్లు, అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. దూర ప్రసారానికి దీర్ఘ తరంగాలే పనికివస్తాయని ఆనాటి నిపుణుల నమ్మకం. అందుచేత ఔత్సాహికులకు దక్కినది పనికిరాదని భావించిన భాగం. వారు ఆ భాగంలోనే ప్రయోగాలు సాగించారు. 1923 నవంబరులో ఫ్రాన్సులోని లియాన్ దెలువా, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ సుమారు 110 మీటర్ల తరంగంపై అట్లాంటిక్ సముద్రం మీదుగా ఇరువైపులా సంభాషించారు. పనికిరాదనుకున్న హ్రస్వ తరంగాలు తక్కువ శక్తితో ఖండాలు దాటగలవని దానితో రుజువైంది.

తర్వాతి పరిణామం గమనించదగినది. హ్రస్వ తరంగాల విలువ తెలియగానే వాణిజ్య, ప్రభుత్వ కేంద్రాలు అక్కడికి చేరాయి. 1927 వాషింగ్టన్ సమావేశం ఔత్సాహికులకు కొన్ని బ్యాండ్లను మాత్రం నిర్దిష్టంగా కేటాయించింది. దీన్ని హక్కు లభించడంగా చెప్పవచ్చు, విశాలమైన బయలు చిన్న మడులుగా కుదించుకుపోవడంగానూ చెప్పవచ్చు. రెండూ నిజమే. బంజరును సాగులోకి తెచ్చినవాడికి పట్టా దొరికే నాటికి పొలంలో ఎక్కువ భాగం ఇతరుల పేర పడడం తెలుగు పాఠకులకు కొత్త కథ కాదు.

4. అనుమానం నుంచి ఆస్తి వరకు:
భారతదేశంలో తరంగాల నియంత్రణ మొదట పోలీసు భాషలో సాగింది. 1885 నాటి భారతీయ టెలిగ్రాఫ్ చట్టం టెలిగ్రాఫులపై సర్వాధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 1933 నాటి భారతీయ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది. రెండవ ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఔత్సాహికుల లైసెన్సులు రద్దయ్యాయి. స్వాతంత్ర్యానంతరం 1978లో ఔత్సాహిక సేవా నిబంధనలు ప్రత్యేకంగా వచ్చినా, వాటికి మాతృక అనుమానంతో రాసిన ఆ చట్టాలే. కనుక గడిచిన కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం సరికాదు.

1995లో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. ఆ తీర్పు ఉద్దేశం ప్రసార రంగంలో ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని ప్రశ్నించడం. 2012 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానం 122 టెలికాం లైసెన్సులను రద్దు చేస్తూ, కొరత ఉన్న సహజ వనరులను పారదర్శకంగా, వేలం ద్వారా పంచాలని పేర్కొంది. అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్రపతి నివేదనపై అభిప్రాయం చెబుతూ, అన్ని సహజ వనరులకూ వేలం ఒక్కటే రాజ్యాంగబద్ధ మార్గం కాదని రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. అవినీతికి విరుగుడుగా వచ్చిన వేలం అనే పద్ధతి ప్రజల ఊహలో మాత్రం విలువకు పర్యాయపదంగా మిగిలింది.

2023 డిసెంబరులో రాష్ట్రపతి ఆమోదం పొందిన టెలికమ్యూనికేషన్ల చట్టం 1885, 1933 చట్టాల స్థానంలో వచ్చింది. ఈ చట్టం ప్రకారం ప్రజల పక్షాన కేంద్ర ప్రభుత్వం స్పెక్ట్రం యజమాని. వేలం సాధారణ మార్గం. మొదటి షెడ్యూలులో పేర్కొన్న అవసరాలకు పాలనాపరమైన కేటాయింపు. ‘ప్రజల పక్షాన’ అనే పదబంధం రెండు విధాలుగా అర్థమవుతుంది. ఆస్తిని మంచి ధరకు అమ్మి సొమ్మును ఖజానాకు చేర్చేవాడు ప్రజల పక్షాన ఉన్నట్టే. ఆస్తిలో కొంత భాగాన్ని అమ్మకుండా ప్రజలు నేరుగా వాడుకునేందుకు కాపాడేవాడూ ప్రజల పక్షాన ఉన్నట్టే. చట్టపాఠం రెండో అర్థాన్ని నిషేధించలేదు. అయితే దాని పదజాలం మొదటి అర్థంలోనే ధారాళంగా నడుస్తుంది.

5. ‘వాడకం’ ఎవరి కొలత?
ఈ చట్టంలోని 5, 7 సెక్షన్లు విమర్శకుడి దృష్టిని ఎక్కువగా ఆకర్షిస్తాయి. సమర్థ వినియోగం కోసం కేటాయించిన పౌనఃపున్యాలను పునర్వ్యవస్థీకరించే అధికారం 5వ సెక్షన్ ప్రభుత్వానికి ఇస్తుంది. తగిన కారణం లేకుండా వాడకుండా ఉంచిన స్పెక్ట్రం కేటాయింపును రద్దు చేసే అధికారం 7వ సెక్షన్‌లో ఉంది. కంపెనీలు తరంగాలను కొని దాచుకోకుండా చూడడమే దీని ఉద్దేశమైతే, అది మెచ్చదగినదే. ప్రశ్న ఈ మాటల పరిధి గురించినది.

మొదటిది, ఈ సెక్షన్లు కేటాయింపు పొందిన వ్యక్తినో సంస్థనో ఊహిస్తాయి. ఔత్సాహికుడికి ప్రత్యేకంగా ఒక పౌనఃపున్యం కేటాయించరు. బ్యాండు మొత్తం లైసెన్సున్న అందరికీ ఉమ్మడి. ఖాళీగా ఉన్నచోటు చూసుకొని మాట్లాడి, పని ముగియగానే వదిలిపెట్టడం అక్కడి మర్యాద. అడంగల్‌లోనో పహాణీలోనో ఒక్కొక్క సర్వే నెంబరు ఎదుట ఒక్కొక్క పేరు రాసే పద్ధతికి ఊరుమ్మడి చెరువు ఎలా ఒదగదో, కేటాయింపుదారు కేంద్రంగా నడిచే భాషకు ఈ ఉమ్మడి వినియోగం అలాగే ఒదగదు.

రెండవది, వాడకాన్ని ప్రసారంతో కొలవడం. ఔత్సాహికుల పనిలో పెద్ద భాగం వినడం. చంద్రుడి ఉపరితలాన్ని తాకి తిరిగివచ్చే సంకేతాన్ని పట్టుకోవాలన్నా, ఉల్కల జాడల నుంచి పరావర్తనం చెందే తరంగాన్ని గుర్తించాలన్నా, అయనావరణం తెరుచుకొనే గడియ కోసం కాచుకోవాలన్నా బ్యాండు నిశ్శబ్దంగా ఉండాలి. మొబైల్ సేవకు నిశ్శబ్దం వృథా. ఔత్సాహికుడికి నిశ్శబ్దమే పనిముట్టు. గంటకు ఎంత ప్రసారం జరిగిందో లెక్కించే కొలత ముందు ఈ వినికిడి ఖాళీగానే నమోదవుతుంది. శబ్దాన్ని ఆకాశ గుణంగా చెప్పిన తర్క సంప్రదాయంలో పెరిగిన భాషకు, ఆకాశంలోని నిశ్శబ్దం శూన్యం కాదని చెప్పే పరిభాష లేకపోవడం విచారకరం.

6. రెండు రకాల మార్పులు:
నియంత్రణ మార్పులన్నీ ఒకే స్వభావం గలవి కావు. వాటిని రెండు ఉదాహరణలతో పోల్చి చూడవచ్చు.

అమెరికాలో 3450 నుంచి 3500 మెగాహెర్ట్జ్ వరకు ఔత్సాహికులు ద్వితీయ సేవగా వాడుకునేవారు. ద్వితీయ సేవ అంటే ప్రాథమిక సేవకు ఆటంకం కలిగించకూడదు, దాని నుంచి తనకు రక్షణ కోరకూడదు. కాలపరిమితి లేని కౌలుదారుడి స్థితికి ఇది దగ్గర. కొందరు చవకగా దొరికే వైఫై పరికరాలను మార్చుకొని ఈ ప్రాంతంలో సొంత డేటా వలలు నిర్మించుకున్నారు. 3450-3550 మెగాహెర్ట్జ్ భాగాన్ని 5జీ కోసం వేలం వేయగా సుమారు 2,250 కోట్ల డాలర్లు వచ్చాయి. ఔత్సాహికులు 2022 ఏప్రిల్ 14 నాటికి తమ భాగాన్ని ఖాళీ చేయవలసివచ్చింది. భారతదేశంలోనూ 2022 జులై చివర మొదలై ఆగస్టు 1న ముగిసిన వేలంలో 3300 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే బ్యాండు ఉంది. ఆ వేలం మొత్తం విలువ 1,50,173 కోట్ల రూపాయలు. ఇంత పెద్ద సంఖ్యల ఎదుట ఔత్సాహికుడు ఏ సంఖ్యను చూపగలడు? చేతిలో ఫోను ఉన్న ప్రతి పౌరుడికీ ఆ బ్యాండు వల్ల మేలు జరుగుతుందన్నదీ కాదనలేని వాస్తవమే. ఇక్కడ లోపం మొబైల్ సేవకు చోటివ్వడంలో లేదు. తూకంలో రెండో తట్ట లేకుండానే తూచడంలో ఉంది.

రెండో ఉదాహరణ 1240-1300 మెగాహెర్ట్జ్ బ్యాండు. ఔత్సాహికులు ద్వితీయ సేవగా ఉన్న ఈ భాగంలోనే గెలీలియో తదితర ఉపగ్రహ నావిగేషన్ వ్యవస్థల సంకేతాలూ ఉన్నాయి. ఆటంకాల విషయమై కొన్నేళ్లు అధ్యయనాలు జరిగాయి. ఔత్సాహికుల అంతర్జాతీయ సంఘం వాటిలో పాల్గొంది. 2023 నవంబరు, డిసెంబరు నెలల్లో దుబాయిలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం ఔత్సాహికులను తొలగించలేదు. నావిగేషన్ సేవకు రక్షణగా ఔత్సాహిక కేంద్రాల శక్తి, పౌనఃపున్యాల విషయంలో పాటించదగిన మార్గదర్శకాలను సభ్యదేశాల ముందుంచింది. ఔత్సాహికులు ఇక్కడ కొంత కోల్పోయారు. అయినా వారి పని ఏమిటో కొలిచి, విని, ఆ తర్వాత నిర్ణయించారు. మొదటి ఉదాహరణలో విలువ ముందే తేలిపోయింది. రెండోదానిలో వాడకం స్వభావం చర్చకు వచ్చింది.

ప్రాథమిక హోదా ఉన్న బ్యాండు కూడా పూర్తిగా క్షేమం కాదు. ప్రపంచమంతటా ఔత్సాహికుల ప్రాథమిక బ్యాండు అయిన 144-146 మెగాహెర్ట్జ్‌ను విమానయాన అవసరాలకు అధ్యయనం చేయాలని 2019లో ఫ్రాన్సు ప్రతిపాదించి, వ్యతిరేకత రావడంతో అదే ఏడాది విరమించుకుంది. తెలుగు నేలకు ఈ బ్యాండుతో ప్రత్యక్ష సంబంధం ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ6 మోసుకువెళ్లిన 42.5 కిలోల హామ్‌శాట్ ఉపగ్రహం 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో సంకేతాలు అందుకొని 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో తిరిగి పంపేది. రెండేళ్లు పనిచేస్తే చాలనుకునే చిన్న ఉపగ్రహం తొమ్మిదేళ్లకు పైగా సేవలందించింది. దాని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి భారతీయులు రూపొందించినది, మరొకటి ఒక డచ్చి విద్యార్థి తయారుచేసినది. బ్యాండు పోతే పోయేది కబుర్ల వేదిక ఒక్కటే కాదు, విద్యార్థి చేతి పని కక్ష్యకు చేరే దారి కూడా అని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

7. విపత్తు వాదం – బలం, పరిమితి:
తమ బ్యాండ్లపై ఒత్తిడి వచ్చినప్పుడల్లా ఔత్సాహికులు ముందుకు తెచ్చే సమాధానం విపత్తు సేవ. ఇది కల్పన కాదు. 1999 ఒడిశా పెనుతుఫాను, 2001 గుజరాత్ భూకంపం సమయాల్లో వారు సమాచారం అందించారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో మొబైల్ వ్యవస్థను ఎంతగా కూల్చివేసిందో తెలుగువారికి అనుభవమే. ప్రత్యామ్నాయ మార్గం అవసరాన్ని ఎవరూ తక్కువ చేయలేరు.

అయినా ఈ వాదంలో ఒక చిక్కు ఉంది. ఔత్సాహికుడి విలువ మొత్తాన్ని విపత్తు సేవపై నిలబెడితే, ఉపగ్రహం నుంచి నేరుగా ఫోనుకు సంకేతం అందించే సేవలు విస్తరించిన రోజున ఆ విలువ కరిగిపోతుంది. మరొకరు అదే సేవను మరింత సమర్థంగా చేస్తామని ముందుకు వచ్చినప్పుడు బ్యాండు అప్పగించడం తప్ప సమాధానం ఉండదు. అంతేకాక, ‘మీరు ఎందుకు ఉపయోగపడతారు?’ అన్న ప్రశ్నను దాని షరతులతో సహా అంగీకరించినట్టు అవుతుంది.

ఈ వాదానికి తరచుగా ఉదాహరించే 2004 అండమాన్ ఘటనను జాగ్రత్తగా చదివితే వేరే అర్థం బయటపడుతుంది. ఆ డిసెంబరులో హైదరాబాదు సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వంలోని బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. వారు విపత్తు సేవకు వెళ్లలేదు. అనేక సంవత్సరాల తర్వాత ఆ దీవుల నుంచి ఔత్సాహిక ప్రసారానికి అనుమతి లభించింది. ప్రపంచంలోని ఔత్సాహికులకు అరుదైన ఆ ప్రదేశంతో సంపర్కం కలిగించడం వారి ఉద్దేశం. లోకం దృష్టిలో ఇది శుద్ధ వినోదం. డిసెంబరు 26న సునామీ వచ్చి ఇతర మార్గాలు తెగిపోయినప్పుడు ఆ వినోదం కోసం నిలిపిన యాంటెనాలే, దానికోసం అలవడిన నేర్పే ప్రాణాధారమయ్యాయి. ఉపయోగం అనే ఫలం నిరుపయోగంగా కనిపించే సాధన నుంచి వచ్చింది. ఆ సాధనకు రోజువారీ చోటు లేకుండా చేసి, ఆపద నాడు మాత్రం ఫలాన్ని ఆశించడం కుదరదు. కాబట్టి అంతర్జాతీయ నిర్వచనంలోని మొదటి మాట అయిన స్వయంశిక్షణే ఔత్సాహికుల అసలు ఆధారం. విపత్తు సేవ దాని పర్యవసానం.

ఇక్కడే ఔత్సాహికుల వైపు బాధ్యత కూడా ఉంది. స్వయంశిక్షణ పేరుతో బ్యాండు కోరేవారు ఆ శిక్షణ ఎంతమందికి అందుతోందో చూపాలి. పల్లెటూరి కళాశాల విద్యార్థికి, మహిళలకు, పరికరం కొనలేనివారికి తలుపు తెరవని ఉమ్మడి, పేరుకే ఉమ్మడి. ఊరి బంచరాయిని కాపాడింది దస్త్రంలోని పేరు కాదు, దానిపై మేపుకునే గడపల సంఖ్య.

8. ముగింపు:
- ఔత్సాహిక సేవను వేరుచేసి చూపే ‘ధనాపేక్ష లేకపోవడం’ అనే షరతు, వేలం ప్రధానమైన నియంత్రణ భాషలో బలహీనతగా మారుతోంది.
- 2023 చట్టంలోని ‘ప్రజల పక్షాన’ అనే పదబంధానికి అమ్మకందారు అర్థంతోపాటు సంరక్షకుడి అర్థం కూడా సాధ్యమే. రూపొందే నిబంధనలు దాన్ని స్పష్టంగా చెప్పవలసి ఉంది.
- ‘వాడకం’ అనే మాటకు ప్రసారంతోపాటు వినడం, ప్రయోగించడం, నేర్చుకోవడం కూడా అర్థాలుగా చేరాలి. కేటాయింపుదారు లేని ఉమ్మడి బ్యాండుకు వేరే కొలత కావాలి.
- మార్పు తప్పనిసరి అయినచోట 1240-1300 మెగాహెర్ట్జ్ విషయంలో జరిగినట్టు అధ్యయనం, సంప్రదింపు ముందు జరగాలి.
- విపత్తు వాదానికంటే శిక్షణ వాదం ఔత్సాహికులకు స్థిరమైన ఆధారం. అయితే దాన్ని ఆచరణలో రుజువు చేసుకోవలసింది వారే.

1912లో పనికిరాదని వదిలేసిన తరంగాలే ఆ తర్వాత ప్రపంచ సమాచార మార్గాలయ్యాయి. ఏ భాగం దేనికి పనికివస్తుందో అప్పటి నిపుణులకు తెలియలేదు. నేడు ప్రతి మెగాహెర్ట్జ్‌కూ ధర తెలుసు. ధర తెలిసినంత మాత్రాన అందులో ఇంకా ఏముందో తెలిసినట్టు కాదు. ఆ తెలియనిదాన్ని వెదకడానికి కొంత ఆకాశాన్ని శిస్తు లేకుండా వదిలిపెట్టడం దయ చూపడం అనిపించుకోదు, వివేకమే అవుతుంది.